ఇల్లా? హోటలా?

"ఎక్కడుంటున్నావ్ రా?" అని అమ్మ ఫోన్లో అడిగితే "హోటల్లో" అన్నాను. "తిండి సంగతి కాదురా, పడుకునేది ఎక్కడ అంటున్నా" అంది. మా ఊళ్ళో హోటలంటే ఇడ్లీ, దోశ, అద్దాల బీరువాలో మైసూరుపాకు. పడుకునేదాన్ని లాడ్జి అంటారు. కొడుకు అమెరికాలో లాడ్జిలో ఉంటున్నాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "కంపెనీ వాళ్ళు గదిచ్చారమ్మా, స్టవ్ కూడా ఉంది" అని తప్పించుకున్నాను.

మనవాళ్ళలో ప్రాజెక్టుల మీద తిరిగేవాళ్ళకి ఇదేం కొత్త కాదు. క్లయింటు ఆరు నెలలంటాడు, అది రెండు నెలల్లో ముగియొచ్చు, రెండేళ్ళూ సాగొచ్చు. అపార్ట్‌మెంటు లీజు ఏడాదికి తక్కువ ఇవ్వరు. అందుకని జెర్సీలో ఒక ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో పడ్డాను. కుక్కరు మూడో విజిల్ వేసేసరికి స్మోక్ అలారం మోగుతుంది, అది తప్ప బాగానే ఉంది. సరిగ్గా 28వ రోజున ఫ్రంట్ డెస్క్ అమ్మాయి నవ్వుతూ "రేపు చెకౌట్ చేసి ఎల్లుండి మళ్ళీ చెకిన్ అవ్వండి" అంది. గది ఖాళీగానే ఉంటుందట, ఎవరికీ ఇవ్వరట. మరి నన్నెందుకు పొమ్మంటున్నారు అంటే "పాలసీ" అంది. మన ఫీల్డులో కారణం తెలియని ప్రతిదానికీ ఇదే జవాబు కాబట్టి నేనూ గట్టిగా అడగలేదు. రెండు సూట్‌కేసులు, కుక్కరు, సగం వాడిన సోనా మసూరి బస్తా కార్లో వేసుకుని ఆ రాత్రి ఫ్రెండు సోఫా మీద పడుకున్నాను.

ఆ పాలసీ ఏమిటో నాకు వేరే హోటలు కథ చదివితే తెలిసింది. ఈ సోదంతా అందుకే.

క్లయింటు ఆఫీసుకి జెర్సీ సిటీ నుంచి పాత్ రైలెక్కి మన్‌హాటన్‌లో 23వ వీధి స్టేషన్లో దిగుతాను. అక్కణ్ణుంచి పడమటికి నడిస్తే ఏడో ఎవెన్యూ దాటాక ఎడమ చేతి వైపు ఒక పాత ఎర్ర ఇటుకల బిల్డింగు. పన్నెండు అంతస్తులు, ప్రతి అంతస్తుకీ పూల నగిషీ ఉన్న నల్లటి ఇనప బాల్కనీలు. గుమ్మం పక్కన గోడకి కంచు ఫలకాలు. డిలన్ థామస్, ఆర్థర్ మిల్లర్, లెనార్డ్ కోహెన్... అన్నీ ఇక్కడ ఉండి వెళ్ళిన వాళ్ళ పేర్లే. వాటిలో ఆర్థర్ సి. క్లార్క్ పేరు చూసి ఆగిపోయాను. ఇంజనీరింగు రోజుల్లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చూసి, హాల్ 9000 గొంతుకి భయపడి, ఆ తర్వాత పుస్తకం కూడా చదివినవాణ్ణి మరి. అదే చెల్సీ హోటల్.

చెల్సీ మొదట హోటలు కాదు, అపార్ట్‌మెంటు. అది కూడా అల్లాటప్పా అపార్ట్‌మెంటు కాదు. 1880లలో న్యూయార్క్‌లో మర్యాదస్తుడంటే సొంతిల్లు ఉండాలి. ఒకే కప్పు కింద పది కుటుంబాలుండటం కూలి జనం బ్రతుకని అనుకునేవాళ్ళు. కానీ స్థలాల ధరలు పెరిగి మధ్యతరగతికి సొంతిల్లు అందకుండా పోతోంది. (ఎక్కడో విన్నట్టుంది కదూ?) అప్పుడు ఫిలిప్ హ్యూబర్ట్ అనే ఆర్కిటెక్టు ఒక ఉపాయం చెప్పాడు. కొంతమంది కలిసి సంఘం పెట్టుకోండి, అందరూ డబ్బు వేసుకుని స్థలం కొని బిల్డింగు కట్టుకోండి, ఎవరి ఫ్లాటులో వాళ్ళుండండి, మిగిలిన ఫ్లాట్లు అద్దెకిచ్చి ఆ డబ్బుతో నిర్వహణ ఖర్చు వెళ్ళదీయండి అని. హైదరాబాదులో హౌసింగ్ సొసైటీలూ, స్థలం డెవలప్‌మెంటుకిచ్చి ఫ్లాట్లు పంచుకోవడాలూ చూసిన మనకి ఇందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో న్యూయార్క్‌కి మాత్రం కొత్తే.

హ్యూబర్ట్ పుట్టింది ప్యారిస్‌లో. రకరకాల మనుషులు ఒకేచోట కలిసి బ్రతికితే సమాజం బాగుపడుతుందని చెప్పిన షార్ల్ ఫూరియే ఆలోచనలు ఆయనకి తండ్రి వైపు నుంచి వచ్చాయి. 1883లో పని మొదలై 1884లో జనం దిగిన చెల్సీలో ఆ ఆలోచన కనిపిస్తుంది. సుమారు 80 ఫ్లాట్లు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. పైఅంతస్తులో చిత్రకారులకి స్టూడియోలు. కింద అందరూ కూర్చుని తినడానికి భోజనశాలలు. బిల్డింగు కట్టడంలో చెయ్యి పెట్టిన కాంట్రాక్టర్లు కూడా సభ్యుల్లో ఉన్నారు. మన భాషలో చెప్పాలంటే జీతంతో పాటు స్టాక్ ఆప్షన్స్ అన్నమాట.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆ ఏర్పాటు కూలబడింది. 1893లో దేశమంతా ఆర్థిక సంక్షోభం. 23వ వీధిని వెలిగించిన నాటకశాలలు ఒక్కొక్కటే ఉత్తరానికి, ఇప్పటి టైమ్స్ స్క్వేర్ వైపు తరలిపోయాయి. వాటితో పాటు డబ్బున్నవాళ్ళూ కదిలారు. సంఘం దివాళా తీసింది. 1905లో బిల్డింగుని హోటలు చేశారు. తర్వాత్తర్వాత పెద్ద ఫ్లాట్లని ముక్కలు చేసి చిన్న గదులుగా మార్చారు.

మామూలుగా అయితే ఇల్లన్నది అక్కడితో అయిపోవాలి. చెల్సీలో మాత్రం తిరకాసు జరిగింది. హోటలయ్యాకే అది నిజంగా ఇల్లయ్యింది. వారానికని వచ్చినవాళ్ళు నెలలుండిపోయారు, నెలకని వచ్చినవాళ్ళు దశాబ్దాలుండిపోయారు. వర్జిల్ థామ్సన్ అనే సంగీతకారుడు 1940లో దిగి 1989లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. దాదాపు యాభై ఏళ్ళు! అది హోటలు బస అందామా, కాపురం అందామా? భార్య మార్లిన్ మన్రోతో విడిపోయాక ఆర్థర్ మిల్లర్ వచ్చి కొన్నేళ్ళు ఉన్నాడు. క్లార్క్ అప్పటికే సిలోన్‌లో స్థిరపడ్డాడు, 1964లో సినిమా పని మీద న్యూయార్క్ వచ్చాడు. క్యూబ్రిక్ తన ఆఫీసులో ఎలక్ట్రిక్ టైపురైటర్ పెట్టి కూర్చోబెడితే, ఒక్కరోజు చూసి, ఇక్కడ పని సాగదని చెల్సీలో తన గదికి వచ్చేశాడట. వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం మేనేజర్లతో పోట్లాడే మిత్రులు ఈ ఉదాహరణ వాడుకోవచ్చు. హాల్‌కి అక్షరాలా పుట్టిల్లు ఆ గదే.

అంతా పూలబాటేం కాదులెండి. 1953లో డిలన్ థామస్‌ని స్పృహ తప్పిన స్థితిలో అక్కణ్ణుంచే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు. 1978లో నాన్సీ స్పంజెన్ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయి అక్కడి గదిలోనే కత్తిపోటుతో చనిపోయింది. మత్తుమందులు, అగ్నిప్రమాదాలు, బొద్దింకలు అన్నీ ఉన్నాయి.

ఇంతమంది ఒకేచోట ఎందుకు పోగయ్యారంటే, చెల్సీ మీద రాసేవాళ్ళు ఎక్కువగా చెప్పేది "ఆ గోడల్లో ఏదో ఉంది" అని. మనవాళ్ళైతే వాస్తు కుదిరిందంటారు. నా మటుకు నాకు ఆ మాట నచ్చదు. గోడల్లో ఉన్నది ఇటుక, సున్నం. నాకు కనిపించే కారణాలు మూడే. ఒకటి, అద్దె భరించగలిగేంత ఉండేది. రెండు, ఆ నెల ఇవ్వలేకపోయినా వెంటనే బయటికి గెంటేవాళ్ళు కాదు. మూడు, ఎన్నాళ్ళున్నా "ఇంకా వెళ్ళలేదే" అనేవాళ్ళు కాదు.

రెండో కారణానికి ఒక మనిషి పేరుంది. 1940లలో హంగరీ నుంచి వలస వచ్చిన డేవిడ్ బార్డ్, ఇంకో ఇద్దరు భాగస్వాములు కలిసి హోటలు కొన్నారు. 1960లలో ఆయన కొడుకు స్టాన్లీ బార్డ్ పెత్తనం తీసుకుని 2007 దాకా నడిపాడు. డబ్బుల్లేని చిత్రకారుల దగ్గర అద్దె బదులు బొమ్మలు తీసుకున్నాడని ఆయనకి పేరు. లాబీ నిండా, మెట్ల దారి పొడుగునా ఆ బొమ్మలే ఉండేవి. దేవుడేం కాదు, నచ్చనివాళ్ళని సతాయించాడనీ, అద్దెలు మనిషిని బట్టి చెప్పేవాడనీ అన్నవాళ్ళూ ఉన్నారు. కానీ 1969లో పాటీ స్మిత్ అనే అనామకురాలు, చేతిలో బొమ్మల ఫోల్డరు తప్ప ఏమీ లేకుండా, జ్వరంతో ఉన్న స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వస్తే గదిచ్చాడు. ఆ స్నేహితుడు రాబర్ట్ మాపుల్‌థార్ప్. ఇద్దరూ తర్వాత ఏమయ్యారో లోకానికి తెలుసు. ఆ రోజు తెలీదు, అదీ విషయం.

ఇక మూడో కారణం, చట్టం. ఇక్కడే నా 28 రోజుల చిక్కుముడి విడిపోయింది. న్యూయార్క్ అద్దె నియంత్రణ నియమాల ప్రకారం, 1969కి ముందు కట్టిన, ఆ నియంత్రణ పరిధిలోకి వచ్చే హోటల్లో ఒక మనిషి ఆరు నెలలు వరసగా ఉంటేనో, ఆరు నెలల లీజు కావాలని అడిగితేనో, అతను ఇక అతిథి కాదు, శాశ్వత అద్దెదారు. అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు, కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. హోటలువాడి పుస్తకంలో గది నంబరు, చట్టం పుస్తకంలో ఇల్లు. రాష్ట్రాన్ని బట్టి గడువులు వేరైనా ఇలాంటి హక్కులు అమెరికాలో చాలాచోట్ల ఉన్నాయి. అతిథి కాస్తా అద్దెదారైపోతాడన్న భయంతోనే చాలా హోటళ్ళు నెల నిండకముందే మనిషిని ఒక పూట బయటికి పంపి మళ్ళీ రానిస్తాయట. అంటే ఆ రాత్రి నేను సోఫా మీద పడుకున్నది గది లేక కాదు, నాకు హక్కు రాకూడదని! అప్పటిదాకా నవ్వుకుంటూ చెప్పుకున్న కథ ఆ తర్వాత అంత నవ్వుగా అనిపించలేదు.

సరే, చెల్సీకొద్దాం. 2007లో మిగతా భాగస్వాముల కుటుంబాలు బార్డ్‌ని తప్పించాయి. మన్‌హాటన్ నడిబొడ్డున అంత బిల్డింగు పెట్టుకుని ఆ రాబడేమిటన్నది వాళ్ళ బాధ. 2011లో సుమారు 8 కోట్ల డాలర్లకి ఒక రియల్ ఎస్టేట్ సంస్థ కొనేసింది. ఆ ఏడాదే అతిథుల్ని తీసుకోవడం ఆపేశారు. గోడల మీది బొమ్మలు దించేశారు. డాబా మీద అద్దెదారులు ఏళ్ళ తరబడి పెంచుకున్న తోటలు తీసేశారు. గదులు పగలగొట్టడం మొదలైంది. చట్టం ఉంది కాబట్టి శాశ్వత అద్దెదారుల్ని పొమ్మనలేరు. పక్క గది గోడ కూలుస్తుంటే ఆ దుమ్ములో, ఆ చప్పుడులో, రోజులో కొన్ని గంటలు నీళ్ళు లేకుండా వాళ్ళు అలాగే ఉన్నారు. పొమ్మనకుండా పొగబెట్టడం అని మనకో మాటుంది. ఇక్కడ పొగకి బదులు దుమ్ము.

2016లో మళ్ళీ చేతులు మారింది. ఈసారి సుమారు 25 కోట్ల డాలర్లు. అయిదేళ్ళలో ధర మూడింతలైంది. ఆ అయిదేళ్ళూ హోటల్లో ఒక్క అతిథి కూడా దిగలేదు. ఈ లెక్క నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ పెరిగిన డబ్బంతా పేరుకి వచ్చిన ధర కాదు, మన్‌హాటన్‌లో స్థలం విలువ ఎలా పెరుగుతుందో నాకూ తెలుసు. కానీ ఆ పేరు కూడా అమ్మకంలో ఉంది. ఆ పేరు తెచ్చినవాళ్ళలో బ్రతికున్న కొందరు అప్పటికి లోపల ప్లాస్టిక్ పరదాల మధ్య నడుస్తున్నారు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తవదు. గదులు పగలగొట్టేటప్పుడు పాత తలుపులు చెత్తలో పడేయబోయారు. ఒకప్పుడు అక్కడే అద్దెకుండి, ఖాళీ చేయించబడి, వీధిన పడ్డ ఒకాయన ఆ తలుపుల్ని ఏరి దాచాడు. ఏ తలుపు ఎవరి గదిదో కూపీ లాగాడు. 2018లో వాటిని వేలం వేశారు. బాబ్ డిలన్ గది తలుపు లక్ష డాలర్లు పలికింది. తలుపు విలువ పోల్చుకున్నవాడు, ఆ తలుపు వెనక ఉండే హక్కు పోగొట్టుకున్నవాడు. వచ్చినదాంట్లో కొంత ఆకలిగొన్నవాళ్ళకి తిండి పెట్టే సంస్థకి ఇచ్చాడు కూడా.

హోటలు 2022లో మళ్ళీ తెరుచుకుంది. అందంగా ఉంది, అబద్ధం చెప్పను. ఒక సాయంత్రం లాబీలోకి వెళ్ళి చూశాను. కొన్ని బొమ్మలు తిరిగొచ్చాయి, మెట్ల దారి ఇనప కటకటాలు మెరుస్తున్నాయి. 1930 నుంచి ఉన్న ఎల్ కిహోటే అనే స్పానిష్ రెస్టారెంటుని కూడా బాగుచేసి తెరిచారు. గది రాత్రికి కొన్ని వందల డాలర్లు. పాత అద్దెదారులు కొన్ని డజన్ల మంది ఇప్పటికీ పై అంతస్తుల్లో ఉన్నారు. లిఫ్టులో సూట్‌కేసుతో వచ్చిన టూరిస్టు పక్కన కూరగాయల సంచీతో ఒక ముసలావిడ. టూరిస్టు బహుశా అలాంటి ఆవిడని చూడాలనే వచ్చి ఉంటాడు.

యజమానుల వైపు న్యాయం లేదా అంటే ఉంది. 130 ఏళ్ళు దాటిన బిల్డింగు, పాత పైపులు, పాత వైర్లు. ఎవరో ఒకరు డబ్బు పెట్టకపోతే ఎన్నాళ్ళు నిలబడుతుంది? తక్కువ అద్దెలతో ఆ ఖర్చు రాదు. హ్యూబర్ట్ సంఘమే దివాళా తీసిందని మర్చిపోకూడదు. అద్దెదారులు కూడా అందరూ ఒక మాట మీద లేరు. కొందరు పని ఆపమని కోర్టులకీ నగరపాలక శాఖలకీ తిరిగితే, ఇంకొందరు "మహానుభావులారా, ఆపితే ఈ దుమ్ము ఇంకో పదేళ్ళు, త్వరగా కానివ్వండి" అన్నారు. చట్టం వల్ల కొందరికి మన్‌హాటన్‌లో నమ్మలేనంత తక్కువ అద్దె దక్కిందన్న మాటా నిజమే. నా రూమ్మేట్ "ఊరికే దొరికింది కాబట్టి పట్టుకుని వేలాడుతున్నారు, నువ్వైతే వదుల్తావా?" అన్నాడు. వదలను. అందులో సిగ్గుపడాల్సిందేమీ కనిపించలేదు నాకు.

నేననేది ఒక్కటే. చెల్సీకి 1966లోనే నగరం చారిత్రక కట్టడంగా గుర్తింపిచ్చింది. ఆ గుర్తింపు కాపాడేది బిల్డింగు బయటి రూపాన్ని, ఆ ఇటుకల్ని, బాల్కనీల్ని. లోపలి మనుషుల్ని కాపాడింది మాత్రం ఎవరూ ఫలకం పెట్టని ఒక అద్దె చట్టం. మనం పాత బిల్డింగుల గురించి బాధపడేటప్పుడు మొదటిదాని గురించే మాట్లాడతాం. కూల్చకుండా హోటలు చేశారు, పోన్లే బతికింది అంటాం. బతికిందెవరు అని అడగం. చెల్సీ చరిత్రంతా అక్కడ ఉండిపోగలిగిన వాళ్ళ చరిత్ర. రాత్రికి వందల డాలర్లు ఇచ్చి రెండు రోజులుండి వెళ్ళేవాడు ఆ చరిత్రని చూడగలడు, దానికి ఒక్క పేజీ కూడా కలపలేడు. 1969లో పాటీ స్మిత్ వచ్చినట్టు ఇవాళ ఒక అమ్మాయి జ్వరంతో ఉన్న స్నేహితుణ్ణి పట్టుకుని ఆ లాబీలోకి వస్తే ఏమవుతుంది? గోడ మీది ఫొటోలో మాత్రం చోటుంటుంది, అది కూడా యాభై ఏళ్ళ తర్వాత.

ఇది న్యూయార్క్ గొడవ, మనకెందుకంటారా? కోర్సు చేసుకోవడానికి అమీర్‌పేటలో నేనున్న హాస్టలు ఒకప్పుడు ఎవరో కుటుంబాలుండాలని కట్టిన అపార్ట్‌మెంటే. హాల్లో ఆరు మంచాలు, పూజగదిలో రెండు. నా మంచం పక్కన గుమ్మం మీద ఎవరో పిల్లాడి ఎత్తు పెన్సిల్ గీతలతో ఏటేటా కొలిచి ఉంది. నేను ఖాళీ చేసే నెలలో సున్నం వేయించారు. నాకూ అక్కడ ఏ హక్కూ లేదు, రెండు రోజుల ముందు చెప్తే చాలు మంచం ఇంకొకడిది. ఆ వయసులో అది స్వేచ్ఛ అనుకున్నాను. ఎక్కడైనా ఉండగలం, ఎప్పుడైనా సర్దేయగలం అని గొప్పలు చెప్పుకునే తరం మనది. ఎప్పుడైనా సర్దేయమని అవతలివాడు కూడా అనగలడని 28వ రోజు దాకా తట్టలేదు.

మొన్న లీజు మీద సంతకం పెట్టాను. ఏడాదికి, చిన్న స్టూడియో. ప్రాజెక్టు ముందే ముగిస్తే నష్టమే, చూద్దాం. తాళాలిస్తున్నప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, గోడకి మేకు కొట్టుకోవచ్చా అని. చిన్నదైతే ఫర్లేదన్నాడు. నాలుగు నెలలుగా సూట్‌కేసులో చుట్టి పెట్టిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించి, ఫొటో తీసి అమ్మకి పంపాను.

"ఇప్పుడు ఇల్లులా ఉంది" అంది.